గేటు బయట శనివారాలు

ఆంజనేయులు నాకు ఏ అపకారమూ చెయ్యలేదు. అసలు ఆ మనిషెవరో ఆ ఏడు నవంబరు దాకా నాకు తెలియదు. అయినా తొంభై ఎనిమిది నవంబరు నుంచి తొంభై తొమ్మిది ఫిబ్రవరి దాకా ప్రతి శనివారం ఆయన్ని మా బడి గేటు బయట నిలబెట్టాను. మేడమీద కిటికీలోంచి చూసి సంతోషించాను కూడా. ఈ సంగతి దాచుకుని మంచి టీచరుననిపించుకునే వయసు దాటిపోయింది కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను.

బందరులో ఆడపిల్లల హైస్కూలు మాది. నేను సోషల్ టీచర్ని, పదో తరగతి బి సెక్షన్‌కి క్లాస్ టీచర్ని. నా మొగుడు పురుషోత్తం అప్పటికి ఎనిమిదేళ్ల కిందటే నన్నొదిలేసి గుడివాడలో ఇంకొకావిడతో కాపురం పెట్టాడు. విడాకులివ్వమని మధ్యమధ్య మనుషుల్ని పంపేవాడు. చచ్చేదాకా ఇవ్వనని ఆ వచ్చినవాళ్లకి కాఫీలిచ్చి మరీ చెప్పేదాన్ని. వాణ్ణి ఏడిపించడానికి నా చేతిలో ఉన్నది అదొక్కటే, దాన్నెందుకు వదులుకుంటాను?

అలాంటిదాని క్లాసులో శ్రీదుర్గ పడింది. గిలకలదిండి వైపు పల్లె పిల్ల. తల్లి పెద్దింట్లమ్మ బజార్లో చేపలమ్ముతుంది, తండ్రి సముద్రం మీద వేటకెళతాడు. దసరా సెలవల ముందు వరకూ క్లాసంతా వినపడే గొంతు దానిది. సెలవలయి బడి తెరిచాక చూస్తే, హాజరు పిలిచినా పలకదు. మధ్యాహ్నం క్యారేజీ మూత తీసి, చూసి, మళ్లీ పెట్టేసేది.

"వాళ్లమ్మా నాన్నా విడిపోయారండీ. పల్లె పెద్దలు కూర్చుని విడదీశారంట," అని పక్క బెంచీ పిల్లలు నాకు చెప్పారు.

ఎవరు ఎవర్ని వదిలేశారని నేనడగలేదు. ఆ పిల్లనీ అడగలేదు, తల్లిని పిలిపించీ అడగలేదు. అడగడానికేముంది, నాకు తెలియని కథా అది?

మధ్యాహ్నం పూట దాన్ని నా పక్కన కూర్చోబెట్టుకుని, నా క్యారేజీలో పెరుగన్నం కలిపి పెట్టేదాన్ని. నాలుగు రోజులకి కాస్త మాట్లాడ్డం మొదలుపెట్టింది.

"మీ నాన్న ఎక్కడుంటున్నాడే?"

"నాగాయలంకలోనండీ. మా అత్త దగ్గర."

అత్త! ఆ మాట వినగానే నాకు నవ్వొచ్చింది. పురుషోత్తం కూడా మొదట్లో గుడివాడ ఆవిడ్ని నా దగ్గర 'అక్కయ్యగారు' అనేవాడు.

"శనివారం శనివారం బడికొచ్చి చూస్తానన్నాడండీ మా నాన్న," అంది శ్రీదుర్గ. ముద్ద మింగి, "ఇంట్లో అమ్మ ముందు నాన్న పేరెత్తనండీ. ఎత్తితే అమ్మ ఆ పూట అన్నం తినదు," అంది.

నేను విన్నాను. వినీ ఊరుకున్నాను.

*

మొదటి శనివారం నాకు బాగా గుర్తు. ఒంటిపూట బడి. ఇంకా పదకొండు కాలేదు. గేటు లోపల, వేపచెట్టు కింద ఒక మనిషి నిలబడి ఉన్నాడు. నల్లగా, పొడుగ్గా, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చంకలో తేగల కట్ట పెట్టుకుని ఉన్నాడు. నన్ను చూడగానే భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నమస్కారమండీ టీచర్ గారూ. పదో తరగతి శ్రీదుర్గ నాన్ననండీ, ఆంజనేయులంటారు. ఒక్కసారి పిల్లని చూసుకుని పోతానండీ."

"ఇప్పుడు గుర్తొచ్చిందా పిల్ల?"

"అయ్యో, అదేం లేదండీ. మా పెద్దలు కూర్చున్నప్పుడు..."

"మీ పెద్దల సంగతి మీ పల్లెలో చూసుకో. ఇది బడి. అది పబ్లిక్ పరీక్షలకి చదువుకుంటోంది. కొంప కూల్చింది చాలక చదువు కూడా పాడు చేస్తావా?"

"ఒక్క నిమిషమండీ, ఇవి చేతికిచ్చేసి..."

"దైవాధీనం!" అని వాచ్‌మన్ని కేకేశాను. "ఇతన్ని ఇంకోసారి లోపలికి రానిచ్చావంటే నీ సంగతి హెడ్మాస్టారితో చెబుతాను."

దైవాధీనం ఆయన భుజం మీద చెయ్యి వేసి బయటికి తీసుకెళ్లాడు. తేగల కట్ట మాత్రం తెచ్చి స్టాఫ్ రూములో బల్ల మీద పెట్టాడు, పిల్లకిమ్మన్నాడండీ అని. ఉడకబెట్టిన తేగలు. మేం నలుగురు టీచర్లం చీల్చుకుని తినేశాం. నేను రెండు తిన్నాను. చాలా తియ్యగా ఉన్నాయి.

ఒంటిగంటన్నరకి అవనిగడ్డ బస్సు ఎక్కకపోతే ఆ మనిషి చీకటి పడేలోగా నాగాయలంక చేరలేడని దైవాధీనం మాటల్లో చెప్పాడు. ఆ సోమవారమే పదో తరగతికి నోటీసు పెట్టాను, శనివారాలు పన్నెండున్నర నుంచి మూడింటి దాకా సోషల్ స్పెషల్ క్లాసు అని. హెడ్మాస్టరు శోభనాద్రి గారు చాలా మెచ్చుకున్నారు. మీలాంటి వాళ్లు పదిమందుంటే బడి ఎక్కడికో వెళ్లిపోతుందన్నారు.

ఆ శనివారాలు నాకు పండగలు. ఆంజనేయులు రావడం, దైవాధీనం గేటు మూయడం, ఆయన ఊచలు పట్టుకుని ఏదో బతిమాలడం, అన్నీ మేడమీద నుంచి కనపడేవి. ఎండకి తువ్వాలు నెత్తిన వేసుకునేవాడు. అక్కడ నిలబడ్డది పురుషోత్తం అనుకునేదాన్ని. నిలబడరా, కాళ్లు పీకేదాకా నిలబడు అని పళ్లు నూరుకునేదాన్ని. వెనకాల నలభై మంది పిల్లలు ఇండియా మ్యాపులో నదులు గీసుకుంటూ ఉండేవాళ్లు. వాళ్లలో శ్రీదుర్గ ఒకతి.

"టీచర్, మా నాన్న గానీ వచ్చాడాండీ?" అని క్లాసయ్యాక అడిగేది.

"రాలేదు."

నాలుగో శనివారం పొద్దున్నే మా తమ్ముడు గుడివాడ నుంచి వచ్చాడు. పురుషోత్తం కూతురికి అక్షరాభ్యాసం చేశారట, వాడే ఒళ్లో కూర్చోబెట్టుకుని పలక మీద దిద్దించాడట. నాకు పిల్లలు లేరు. ఆ కబురు విని బడికొచ్చేసరికి ఒళ్లంతా మండిపోతోంది. గేటు దగ్గర ఆంజనేయులున్నాడు. ఆ రోజు నేనే దగ్గరికెళ్లాను.

"ఎందుకయ్యా వారం వారం వస్తావు? నీ కూతురే నిన్ను చూడనంది. నీ మొహం చూపించొద్దని చెప్పమంది."

ఆయన గొడవ పడతాడనుకున్నాను. పడలేదు. కాసేపు ఊచల్లోంచి లోపలికి చూశాడు.

"అంత మాటందాండీ?"

"అంది."

"అంటదిలెండి. అనాల్సిన పనులే చేశాను," అన్నాడు. "నేనింక గేటు కాడికి రానండీ. రోడ్డుకవతల ఆ సోడా కొట్టు కాడ నుంచుంటాను. బయటికొచ్చేప్పుడు కనపడితే చాలు. నేనున్నట్టు దానికి చెప్పొద్దండీ, చదువు పాడవుద్ది."

ఆ తర్వాత అన్ని శనివారాలూ సోడా కొట్టు దగ్గరే నిలబడ్డాడు. ఒంటిగంట దాటాక బస్సు కోసం వెళ్లిపోయేవాడు. స్పెషల్ క్లాసు మూడింటికి వదిలేదాన్ని.

ఆ నాలుగో శనివారం సాయంత్రం శ్రీదుర్గ మళ్లీ అడిగింది. "ఇవాళ కూడా రాలేదాండీ?"

"రాలేదే. రాడు కూడా. ఇలాంటి మొగాళ్ల సంగతి నీకు తెలియదు. లేడనుకుని చదువుకో. నేను లేడనుకుని బతకట్లేదూ?"

ఆ పిల్ల నన్ను పరీక్షగా చూసి, "అంతేనాండీ?" అంది. అంతే అన్నాను. సోమవారం నుంచి క్యారేజీలో అన్నం మొత్తం తినడం మొదలుపెట్టింది. బాగుపడుతోందని నేను సంబరపడ్డాను.

*

డిసెంబరులో పదో తరగతి నామినల్ రోల్సు, అంటే పబ్లిక్ పరీక్షకి కూర్చునే పిల్లల జాబితా, రాసి పై ఆఫీసుకి పంపాలి. పిల్ల పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, రెండు పుట్టుమచ్చలు. అందులో ఏది పడితే అదే రేపు సర్టిఫికెట్ మీద కూడా పడుతుంది, జన్మంతా దాన్ని చూపించుకు తిరగాలి. దస్తూరి బాగున్న పిల్లల్ని కూర్చోబెట్టి రాయించడం మా బడిలో అలవాటు. ఆ ఏడు శ్రీదుర్గ చేత రాయించాను. అచ్చు వేసినంత బాగుంటాయి దాని అక్షరాలు. రెండు రోజులు వరండాలో కూర్చుని క్లాసు మొత్తానికీ రాసింది.

నేను ఒక్కో లైను వేలు పెట్టి సరిచూస్తూ దాని లైను దగ్గరికొచ్చాను. తండ్రి పేరు గడిలో 'లేట్ ఆంజనేయులు' అని ఉంది. చచ్చిపోయిన తండ్రుల పేర్ల ముందు మేం పెట్టే ఆ మాట, ఇంగ్లీషులో, పెద్దక్షరాల్లో, ఎక్కడా కొట్టివేత లేకుండా రాసింది.

తలెత్తి చూశాను. బల్లకి అవతల నిలబడి ఉంది.

"లేడనుకోమన్నారుగా టీచర్," అంది.

కొట్టెయ్యాలి. కార్బన్లు పెట్టి రాసిన మూడు కాపీల్లోనూ కొట్టేసి పక్కన సంతకం పెడితే సరిపోయేది, ఎంతసేపు పని? నేను ఆ గడి దాటి పక్క గడిలోకి వేలు జరిపాను. కుడి మోచేతి మీద ఒక పుట్టుమచ్చ, మెడ మీద ఒకటి. అంతా సరిగ్గానే ఉందన్నాను. శోభనాద్రి గారు పేజీ వెంట పేజీ తిప్పుతూ, ఒక్కటీ చదవకుండా సంతకాలు పెట్టేశారు.

ఆ పూట ఇంటికెళ్లి కడుపునిండా అన్నం తిన్నాను. ఎనిమిదేళ్లుగా పురుషోత్తం విషయంలో నేను చెయ్యలేకపోయిన పని, పదిహేనేళ్ల పిల్ల ఒక్క మాటతో చేసి పారేసింది. దాన్ని చూస్తే నాకు గర్వంగా ఉండేది.

*

ఫిబ్రవరి రెండో వారంలో పై ఆఫీసు నుంచి పేర్లు ప్రింటయి వచ్చాయి. తప్పులుంటే దిద్ది పంపమన్నారు. తల్లిదండ్రుల్ని పిలిపించి, చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకోమని శోభనాద్రి గారు ఆర్డరు వేశారు. ఆయన గదిలో ఆయనే చదువుతున్నారు, పక్కన నేను నిలబడి ఉన్నాను.

పెద్దింట్లమ్మ బజారు నుంచి తిన్నగా వచ్చింది. చేపల బుట్ట గేటు దగ్గర దైవాధీనానికి అప్పగించి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ గదిలోకి వచ్చింది. ఆ గడిలో ఏముందో నాకు తెలుసు. చెప్పి ఆపచ్చు. ఈవిడ కూడా విని కాస్త చల్లబడుతుందిలే అనుకున్నాను.

"శ్రీదుర్గ తల్లివా? రామ్మా," అంటూ శోభనాద్రి గారు కళ్లజోడు సర్దుకుని కాగితం మీద వేలు పెట్టారు. "అరెరె. మీ ఆయన పోయాడామ్మా? ఎప్పుడు? మాకెవరూ చెప్పనే లేదే!"

ఆవిడకి అర్థం కాలేదు. "ఎవరండీ?"

"ఆంజనేయులు. మీ ఆయనేగా? చనిపోయినట్టు ఉందిక్కడ."

పెద్దింట్లమ్మ అలాగే కిందికి జారి, బల్ల కోడు పట్టుకుని కూర్చుండిపోయింది.

"ఏ బోటండీ?" అంది. వెంటనే గొంతు పెంచింది. "నిన్ననేగా వేటకెళ్లారన్నారు! ఎవరొచ్చి చెప్పారండీ మీకు? ఒడ్డుకి తెచ్చారా? ఓరి దేవుడా, ఒడ్డుకన్నా తెచ్చారాండీ?"

శోభనాద్రి గారు కుర్చీలోంచి లేచి, "అది కాదమ్మా, కాగితంలో ఉందంతే, కాగితంలో," అంటున్నారు. ఆవిడకి వినపడ్డం లేదు. వద్దనుకుని విడిపోయిన మొగుడి కోసం నేల మీద కూర్చుని గుండెలు బాదుకుంటోంది. దైవాధీనం పరిగెత్తుకొచ్చి, నీళ్లిచ్చి, ఆయన బతికే ఉన్నాడనీ, కాగితంలో ఎవరో తప్పు రాశారనీ నాలుగైదుసార్లు చెప్పాక గానీ ఆవిడ నమ్మలేదు.

ఈలోగా ఎవరో క్లాసుకెళ్లి శ్రీదుర్గని తీసుకొచ్చారు.

"ఎవరు రాశారే ఇది?" అంది తల్లి.

"నేనే."

పెద్దింట్లమ్మ లేచి చాచి ఒక్కటి కొట్టింది. "వేట మీదున్న మనిషిని చచ్చాడని రాస్తావా? నీ చేతులు పడిపోను! అట్టాంటి మాట నోటితో కూడా అనం గదే మనం!"

"మూణ్ణెల్లమ్మా!" శ్రీదుర్గ అరిచింది. "మూణ్ణెలల్లో ఒక్క శనివారం రాలేదు. నన్నొదిలేశాడు. నాకు చచ్చినట్టే."

తల్లి చెయ్యి దించేసింది. "రాకపోవటమేంటే? పెద్దల్లో నేనేగా అడిగింది, ఇంటి గడప తొక్కొద్దు, శనివారం శనివారం బడికాడ పిల్లని చూసుకో అని! నాలుగ్గోడల మధ్య ఉంటది, టీచర్లుంటారు, తాగి రాకుండా భయముంటదని నేనే అన్నాను. ఒట్టు కూడా వేయించుకున్నాను. కలుసుకుంటన్నారులే అనుకుని నేను నిన్నడగలా. అడిగితే కూపీ లాగుతున్నాననుకుంటావని." అని మా వైపు తిరిగింది. "తాగుబోతోడండీ, నాతో కాపురానికి పనికిరాడని నేనే వద్దన్నాను. అంతమాత్రాన పిల్లకి తండ్రి కాకుండా పోతాడా?"

నేనే వద్దన్నాను అంది. ఆయన ఎవరినీ వదల్లేదు. నాగాయలంకలో ఉన్నది నిజంగా అత్తే.

గుమ్మం దగ్గర దైవాధీనం నా మొహంలోకి చూస్తున్నాడు. నేను చెప్పకపోతే ఇంకో నిమిషంలో తనే చెబుతాడు.

"వచ్చాడు," అన్నాను. "ప్రతి శనివారం వచ్చాడు. నేనే రానివ్వలేదు."

పెద్దింట్లమ్మ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "మీకేం చేశాడండీ ఆయన?" అని అడిగింది. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

శోభనాద్రి గారు ఎర్ర పెన్ను తీసి ఆ మాట కొట్టేసి, పక్కన సంతకం పెట్టి, నా వైపు చూడకుండానే అన్నారు. "ఇకనుంచి ఎవరి తండ్రి వచ్చినా, ఎవరి తల్లి వచ్చినా నాకు చెప్పండి. రానివ్వాలో వద్దో మీరు తేల్చకండి. శనివారం ఆ స్పెషల్ క్లాసు తీసేసి, ఆ తండ్రీకూతుళ్లు కూర్చోవడానికి లైబ్రరీ గది ఇవ్వండి. మీరే ఇవ్వండి."

*

ఆ సాయంత్రం శ్రీదుర్గని వరండాలో ఆపాను.

"శనివారం మీ నాన్నకి అంతా నేనే చెబుతానే. ఇంకోటి కూడా ఉంది. నువ్వు ఆయన్ని చూడనన్నావని చెప్పాను. మొహం చూపించొద్దన్నావని."

ఇది దానికి తెలియదు. పుస్తకాల సంచీ భుజం మార్చుకుంది.

"మరి మా నాన్నేమన్నాడు?"

"అనాల్సిన పనులే చేశానన్నాడు. అయినా మానలేదు. సోడా కొట్టు దగ్గర నిలబడి చూసి పోయేవాడు, నువ్వు కనపడతావేమోనని."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నేను నూరిపోసిన కసి అంతా దాని కళ్లలో ఉంది, ఈసారి నా మీద.

"చెప్పొద్దు," అంది.

"అదేంటే? చెప్పి క్షమించమని..."

"అందుకే వద్దంటున్నాను. మా నాన్న తాగుతాడు గానీ మంచోడు. మీరు చెప్తే పర్లేదులెండి టీచర్ గారూ అనేస్తాడు. మీకు తేలికైపోద్ది. నాకొద్దు."

అంతే. వెళ్లిపోయింది.

శనివారం పన్నెండున్నరకి గేటు నేనే తీశాను. తల్లి రమ్మని మాత్రం కబురంపినట్టుంది, ఆంజనేయులు అవతల సోడా కొట్టు దగ్గర ఆగకుండా ఇటే వచ్చాడు. అయినా గేటు లోపల కాలు పెట్టడానికి నన్ను చూసి జంకుతున్నాడు. లోపలికి రండి అన్నాను. అండీ అని ఆయన్ని నేను పిలవడం అదే మొదలు.

లైబ్రరీ గది దగ్గర శ్రీదుర్గ నిలబడి ఉంది. ఆయన నాలుగడుగుల దూరంలోనే ఆగిపోయాడు.

"నా మీద కోపం పోయిందా తల్లీ?"

అది నా వైపు చూసింది. నేను చెప్పని ఒక్క వాక్యం, ఆ మాట నేననలేదు నాన్నా అని, దాని చేతిలో ఉంది. ఇప్పుడు అనేస్తుంది, అనేస్తే బాగుండు అనుకున్నాను.

"పోయింది నాన్నా," అంది.

ఆయన దాని తల మీద చెయ్యి వేసి, తువ్వాలుతో కళ్లు ఒత్తుకుని, నా వైపు తిరిగాడు. "మీరే నచ్చజెప్పుంటారండీ. మీరు చెప్పబట్టే నా పిల్ల నాకు దక్కింది."

నేను నోరు తెరవబోయాను. శ్రీదుర్గ ముందే అంది.

"టీచర్ గారికి దండం పెట్టు నాన్నా."

ఆంజనేయులు రెండు చేతులూ జోడించి, నడుం వంచి దండం పెట్టాడు. ఆయన వంగినంతసేపూ ఆ పిల్ల ఆయన భుజం మీదుగా నా మొహమే చూస్తూ నిలబడింది.

పరీక్షల్లోపల ఇంకా నాలుగు శనివారాలొచ్చాయి. నాలుగుసార్లూ మర్చిపోకుండా ఆయన చేత నాకు దండం పెట్టించింది. నేను నిలబడి తీసుకున్నాను.